మూడు నెలల తేడాలో రెండు ఫలితాలు: ఎర్రకణం వయసుకూ ఎంజైముకూ లంకె ఏమిటి?

గోదావరిగట్టు:
మా మేనల్లుడికి (అక్క కొడుకు) పంతొమ్మిదేళ్ళు. వైవాక్స్ మలేరియా వస్తే ప్రైమాక్విన్ మాత్రలు మొదలుపెట్టారు. మూడో రోజుకల్లా మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగింది, కళ్ళు పచ్చబడ్డాయి. మాత్రలు ఆపి, వారం తర్వాత జి6పిడి (ఎర్రకణాల్లోని ఒక ఎంజైము) పరీక్ష చేయిస్తే ‘సాధారణం’ అని వచ్చింది. మూడు నెలలాగి అదే పరీక్ష మళ్ళీ చేయిస్తే ‘లోపం ఉంది’ అన్నారు. మొదటి ల్యాబే తప్పు చేసిందని ఇంట్లో అందరి మాట. ఎర్రకణాల్లో ఎంజైములు వయసుతో తగ్గుతాయని ఎక్కడో చదివాను గానీ, పంతొమ్మిదేళ్ళ పిల్లవాడికి మూడు నెలల్లో వయసు మీరడమేమిటో బోధపడలేదు. తెలిసినవారు వివరించగలరు.

సూక్ష్మదర్శిని:
గోదావరిగట్టు గారూ, ఇక్కడ వయసంటే మనిషి వయసు కాదు, కణం వయసు. ఎర్రకణం రక్తంలో తిరిగేది సుమారు 120 రోజులు. ఎముక మజ్జను వదలకముందే అది కేంద్రకాన్ని పోగొట్టుకుంటుంది. రక్తంలోకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు కూడా పోతాయి. ఇక కొత్త ఎంజైము తయారుచేసుకునే దారి లేదు కనుక, బయలుదేరినప్పుడు కట్టుకున్న చద్దిమూటతోనే నాలుగు నెలలూ గడపాలి. ఆ మూట అన్ని ఎంజైముల విషయంలోనూ ఒకే తీరున తరగదు. హెక్సోకైనేజు అనే మరో ఎంజైము లేతకణం ముదిరే తొలి రోజుల్లోనే బాగా పడిపోయి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. జి6పిడి సాధారణ రూపానికి అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) సుమారు 62 రోజులు, అంటే 120 రోజుల ముసలికణంలో దాదాపు నాలుగోవంతు మిగులుతుంది. ఆఫ్రికా మూలాలవారిలో కనిపించే ఎ-మైనస్ అనే లోపరకంలో అది 13 రోజులే కాబట్టి, 26 రోజులకే నాలుగోవంతుకు దిగిపోతుంది. మన దేశంలో కనిపించే మెడిటరేనియన్, కేరళ-కల్యాణ్, ఒడిశా రకాలకు ఈ అంకెలు వర్తించవు. మెడిటరేనియన్ రకమైతే ఇంకా త్వరగా క్షీణిస్తుంది.

ఈ ఎంజైము లేనిదే కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థం అందులో నిలవదు. అది నిలవనప్పుడు ప్రైమాక్విన్ ధాటికి హిమోగ్లోబిన్ ముద్దకట్టి పొరకు అంటుకుంటుంది, అలాంటి కణాలను ప్లీహం ఏరిపారేస్తుంది. ముందు పోయేవి మూట ఖాళీ అయిన ముసలికణాలు. వారం తర్వాత మీవాడి రక్తంలో మిగిలినవి లేతవి, అప్పుడే పుట్టినవి. ల్యాబ్ కొలిచింది వాటినే. మొదటి ఫలితం తప్పు కాదు, తప్పిన సమయంలో తీసినది.

నీలిదారాలు:
నేను ల్యాబులో పనిచేస్తాను. మా పరీక్షలో వడపోత కాగితం మీద చుక్క వేసి, గది చీకటి చేసి, అతినీలలోహిత దీపం కింద చూస్తాం. ఎంజైము ఉంటే చుక్క మెరుస్తుంది, లేకపోతే నల్లగా ఉండిపోతుంది. ఒకసారి ఇలాంటి రోగి చుక్క చక్కగా మెరిసింది. అనుమానం తీరక అదే గొట్టంలోని రక్తానికి న్యూ మిథిలీన్ బ్లూ అనే రంగు కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎటు జరిపినా నీలిదారాల వలలున్న లేతకణాలే (రెటిక్యులోసైట్లు). ‘రెటిక్యులోసైట్లు హెచ్చుగా ఉన్నవి, మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించవలెను’ అన్న ఒక్క వాక్యం రిపోర్టు కింద రాస్తే ఇన్ని ఇళ్ళలో ఇంత అయోమయం ఉండదు, కానీ రాసేవారు తక్కువ. ఈలోగా రక్తం ఎక్కించి ఉన్నా దాత కణాలు కలిసి ఫలితం మారుతుంది.

పాతకాగితం:
ముసలికణాలే ముందు పోతాయని తేల్చింది 1954లో అమెరికాలోని స్టేట్‌విల్ జైలు ఖైదీల మీద జరిగిన ప్రయోగాలు. ఖైదీల మీద చేయడమన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. డెర్న్, బ్యూట్లర్, ఆల్వింగ్ బృందం రేడియోధార్మిక ఇనుముతో కణాలకు గుర్తుపెట్టి, లేతవి మందుకు తట్టుకోవడం, ముదిరినవి చిట్లిపోవడం చూపింది. లోపం జి6పిడిదని 1956లో తెలిసింది. మరొక మాట: ఇది ఎక్స్ క్రోమోజోము మీది లోపం, మగపిల్లవాడికి తల్లి నుంచే వస్తుంది. మీ అక్కగారికి అది మీ అమ్మగారి నుంచి వచ్చి ఉంటే, మీలోనూ ఉండే అవకాశం సగానికి సగం.

గోదావరిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మతో మాట్లాడి, నిన్న నేనూ రక్తమిచ్చి వచ్చాను. జ్వరమూ మందులూ ఏమీ లేవు కనుక, ఈసారి ముసలికణాలు కూడా లెక్కలో ఉంటాయి.