పొదుపరి సంపన్నుల దగ్గర డబ్బు పాఠాలు: మీ అనుభవాలు పంచుకోండి

కొత్తపద్దు:
నాకంటే ముప్ఫై ఏళ్లు పెద్దవారైన ఒక సంపన్నుడు నాకు డబ్బు వ్యవహారాలు నేర్పడానికి ఒప్పుకున్నారు. ఆయన స్వార్జితంతో పైకి వచ్చినవారు, ఇప్పటికీ పాత వాహనంలోనే తిరుగుతారు, చొక్కా కాలరు అరిగిపోతే తిప్పి కుట్టించుకుంటారు. ఆరు నెలలపాటు ప్రతి ఖర్చూ పుస్తకంలో రాసి చూపించేదాకా పెట్టుబడుల మాట ఎత్తవద్దని ఆయన షరతు. మూడో నెలలో అవసరం పడి చేబదులు అడిగితే ఇవ్వలేదు. ఇలాంటివారి దగ్గర నేర్చుకున్నవారు, ఏ ప్రశ్నలు అడగాలో, ఎంతకాలం ఓపిక పట్టాలో చెప్పగలరు.

నిలకడ:
ఖర్చు రాయడాన్ని తేలిగ్గా తీసుకోకండి. నేను పద్నాలుగు నెలలు రాశాను. నా దృష్టంతా చిల్లర ఖర్చుల మీదే ఉండేది. మా గురువుగారు మాత్రం ఆ పేజీలన్నీ తిప్పేసి, ఇంటి అద్దె, వాహనం అప్పు, క్రెడిట్ కార్డు బాకీ అనే మూడు పద్దుల దగ్గరే ఆగారు. ఏళ్లకొకసారి తీసుకునే ఈ మూడు నిర్ణయాలు తప్పినప్పుడు రోజూ ఎంత కడుపు కట్టుకున్నా ఫలితం ఉండదని ఆయన చెప్పారు. వాహనం అమ్మేసి కార్డు బాకీ తీర్చిన తరువాత, నెలాఖరున నా చేతిలో డబ్బు మిగలడం అదే మొదటిసారి. ఆ పుస్తకం ఆయన ముందు పెట్టినప్పుడు నా చేతులు వణికాయి.

చేదుపాఠం:
మా పెద్దాయన నాకు పొదుపు నేర్పారు, మదుపు నేర్పలేదు. ఆయన సంపదంతా ఎప్పుడో కొన్న భూమి విలువ పెరగడం వల్ల వచ్చినదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన నిరాడంబరతను చూసి, అదే రహస్యమని నమ్మి, మిగిలినదంతా పన్నెండేళ్లు సాధారణ పొదుపు ఖాతాలోనే ఉంచాను. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతాయి. ఖాతాలో అంకె తగ్గకపోయినా, వడ్డీ పేరుకు మాత్రమే వస్తున్నప్పుడు, దానితో కొనగలిగేది దాదాపు సగానికి పడిపోతుంది. మీ సంపద ఖర్చు తగ్గించడం వల్ల వచ్చిందా, ఆదాయం వల్ల వచ్చిందా, ఒకే ఆస్తి విలువ పెరగడం వల్ల వచ్చిందా అని మీ పెద్దాయనను ముందే అడగండి.

లెక్కలదీపం:
ఇరవై ఆరేళ్లుగా ఇతరుల ఖాతాలు చూస్తున్నవాడిగా ఒక సవరణ చేస్తున్నాను. పైన వాడినది 72 సూత్రం. వడ్డీ రేటుతో 72ను భాగిస్తే సొమ్ము రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు వస్తాయి. 1494లో అచ్చయిన లూకా పాచోలి గణిత గ్రంథంలోనే ఇది ఉంది. అయితే ఇది 8 శాతం దగ్గరే ఖచ్చితంగా సరిపోతుంది. 2 శాతానికి సూత్రం 36 ఏళ్లంటుంది, నిజానికి 35 చాలు. 24 శాతానికి మూడేళ్లంటుంది, నిజానికి మూడేళ్లు దాటి మరికొన్ని వారాలు పడుతుంది. ఏటా 8 శాతం పెరిగే సొమ్ము 36 ఏళ్లలో 16 రెట్లవుతుంది, 45 ఏళ్లలో 32 రెట్లవుతుంది. ఈ చివరి తొమ్మిదేళ్ల విలువ మీ గురువుగారు చెప్పకపోతే, ఆయన దగ్గర నేర్చుకోవలసింది పెద్దగా లేదు.

చేదుపాఠం:
నేను సూత్రం తెలియక నష్టపోలేదండీ, మనిషిని నమ్మి నష్టపోయాను. పన్నెండేళ్లు పోగొట్టుకున్నవాడికి దశాంశాలు దిద్దడం సహాయం కాదు.

మూడోగది:
పొదుపరి ధనవంతుణ్ణి ఇంతగా కొనియాడుతున్నారు గనుక ఇంటిలోపలి మాట చెబుతాను. మా నాన్నగారు అలాంటివారే. మా అమ్మ పంటినొప్పిని రెండేళ్లు ఓర్చుకుంది, ఎందుకంటే వైద్యుడి రుసుము ఆయన దృష్టిలో దుబారా. బయటివారు ఆయన దగ్గర పాఠాలు నేర్చుకుని వెళ్లేవారు. అమెరికాలో హెట్టీ గ్రీన్ అనే కోటీశ్వరురాలు కొడుకు కాలికి గాయమైతే ఉచిత వైద్యశాలల చుట్టూ తిప్పిందనీ, చివరికి ఆ కాలు తీసేయవలసి వచ్చిందనీ చదివినప్పుడు నాకు మా ఇల్లే కనిపించింది.

లెక్కలదీపం:
హెట్టీ గ్రీన్ కొడుకు కాలు తీసేసిన మాట నిజమే. ఉచిత వైద్యశాలల కథను మాత్రం జీవితచరిత్రకారులందరూ ఒప్పుకోరు. 1907 ఆర్థిక సంక్షోభంలో న్యూయార్క్ నగరపాలనకు 11 లక్షల డాలర్లు అప్పిచ్చింది కూడా ఆమే. అందరూ అప్పు తెచ్చి షేర్లు కొంటున్న రోజుల్లో నగదు దాచుకోవడం వల్లనే ఆ పని చేయగలిగింది.

మూడోగది:
నేను మా అమ్మ గురించి చెబుతుంటే మీరు న్యూయార్క్ నగరం అప్పు గురించి చెబుతున్నారు. దయచేసి ఒకసారి మళ్లీ చదవండి.

నిలకడ:
మీ బాధను ఎవరూ కాదనడం లేదు, కానీ పిసినారితనాన్నీ పొదుపునూ ఒకే గాటన కట్టడం అన్యాయం. పొదుపరి తన అవసరాన్ని తగ్గించుకుంటాడు, పిసినారి ఇతరుల అవసరాన్ని తగ్గిస్తాడు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రోనాల్డ్ రీడ్ అనే ఆయన పెట్రోలు బంకులోనూ, తరువాత పారిశుద్ధ్య పనివాడిగానూ పనిచేసి, 2014లో 92వ ఏట మరణించేనాటికి దాదాపు 80 లక్షల డాలర్లు కూడబెట్టారు. కోటుకు పిన్నీసులు పెట్టుకుని తిరిగిన ఆ మనిషి ఆస్తిలో అధికభాగం ఊరి ఆసుపత్రికీ గ్రంథాలయానికీ వెళ్లింది.

మూడోగది:
దానం చనిపోయాక చేశారు. బతికుండగా ఆయన పక్కన ఉన్నవారు ఎలా బతికారన్నదే నా ప్రశ్న.

హామీదారు:
చేబదులు సంగతి అందరూ వదిలేశారు. నేను ఒక మిత్రుడి అప్పుకు హామీ సంతకం పెట్టి, అతడు కట్టకపోతే నాలుగేళ్లు నేను కట్టాను. డబ్బూ పోయింది, స్నేహమూ పోయింది. మీ పెద్దాయన మీకు అప్పిచ్చి ఉంటే, ఆ మరునాటి నుంచి మీ పుస్తకంలో ప్రతి ఖర్చునూ ఆయన అప్పిచ్చినవాడి కళ్లతో చూసేవారు, మీరు కొన్నింటిని దాచేవారు. ఆయన ఇవ్వకపోవడం వల్లనే మీరు ఇప్పటికీ నిజం రాయగలుగుతున్నారు.

కొత్తపద్దు:
చేదుపాఠం గారు చెప్పిన ప్రశ్న నిన్న ఆయనను అడిగాను. సమాధానం చెప్పకుండా లోపలికి వెళ్లి తన తొలి ఖర్చు పుస్తకం తెచ్చి ఇచ్చారు. మొదటి ఆరు నెలల్లో నాలుగు నెలలు ఆదాయం కంటే ఖర్చే ఎక్కువ. తరువాతి ఏళ్లలో జీతం పెరిగినా ఇంటి ఖర్చు మాత్రం పదకొండేళ్లు దాదాపు కదలలేదు. ఆ తేడా మొత్తం ప్రతి నెలా మదుపులోకి వెళ్లింది. ఎదురుగా కూర్చుని ఆ పేజీలు తిప్పుతుంటే, నాకు చేబదులు దొరకలేదన్న కోపం పోయింది.

మూడోగది:
ఆ పదకొండేళ్లలో ఆయన భార్య సొంత ఖర్చు ఏ పద్దు కింద రాసి ఉందో చూశారా?

కొత్తపద్దు:
చూడలేదండీ. వచ్చే వారం వెళ్లినప్పుడు ఆమెనే అడుగుతాను.