డారిల్ జెనిఫర్ బేస్: అంత స్పీడుల నోట్లు కలిసిపోకుండ ఎట్ల?

నాలుగు తీగలు:
అమెరికా హార్డ్‌కోర్ (మస్తు వేగం ఉండే) పంక్ బ్యాండు బ్యాడ్ బ్రెయిన్స్ 1982 క్యాసెట్ ఆల్బమ్‌ల జెనిఫర్ వాయించిన బేస్ గిటారు వినుండ్రి. డ్రమ్ములు ఎంత ఉరికినా ఒక్కో నోటు పొడి అన్నం మెతుకు లెక్క విడివిడిగ వినిపిస్తది. అదే లైను మనం వాయిస్తే గట్క. తప్పు పిక్‌లనా (తీగ మీటే ప్లాస్టిక్ బిళ్ల), యాంప్‌లనా, చేతిలనా? హన్మకొండ, కాజీపేట దిక్కు బేస్ పట్టేటోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

కాజీపేట ప్యాసింజర్:
చెయ్యే అన్నా. యాంప్ సంగతి ఆఖర్న. 200 టెంపోల (నిమిషానికి 200 బీట్లు) ఎనిమిదో నోట్లు (బీటుకు రెండు) అంటే సెకనుకు ఆరున్నర దెబ్బల పైనే. కొట్టుడు అందరికీ వస్తది, ఆపుడే రాదు. ఎడమ చేతి వేలు తీగ మీదికెల్లి పూరాగ లేపొద్దు, ఫ్రెట్‌కు (మెడ మీది అడ్డ కడ్డీకి) తగలకుండ వత్తుడు సడలిస్తే చాలు, నోటు అక్కడికక్కడ ఆగుతది. ఖాళీగున్న వేళ్లు మిగతా తీగల మీద ఊరికె ఆనించి ఉంచుండ్రి. 'A' తీగ మీద లైను వాయిస్తున్నప్పుడు పక్కనున్న అన్నిటికన్న లావు 'E' తీగ తనంతట తానే మోగుతుంటది. గట్కకు సగం కారణం గదే. కుడి అరచేతి అంచు 'E' తీగకు తాకించి పెడితే బంద్.

పిక్ 0.88 నుంచి 1.14 మిల్లీమీటర్ల మందం. 0.5 పిక్ వంగుతది, తీగ మీదికెల్లి ఆలస్యంగ జారుతది, టిక్కుటిక్కుమని చప్పుడు తప్ప నోటు రాదు. వేళ్ల బయటికి 3–4 మిల్లీమీటర్లకన్న ఎక్కువ కనపడొద్దు.

పాకాల చెరువు:
పిక్ సరే కానీ ముంజేతితోని కొడితే నిమిషంల మంట మొదలైతది. డప్పు కొట్టేటోని చెయ్యి చూడుండ్రి. సిర్ర పట్టిన చెయ్యి మణికట్టు దగ్గర ఆడుతది, మోచెయ్యి బిగుసుకోదు, అందుకే జాతరంతా కొట్టగలడు. ఇక్కడా గంతే.

అన్నీ కిందికే కొట్టాలని మొండి పట్టు పట్టొద్దు. 170–180 దాటినంక కిందికీ మీదికీ మార్చి కొట్టుడే నయం. అప్పుడు మీదికి కొట్టే దెబ్బ బలహీనమై గుర్రం దౌడు లెక్క వినిపిస్తది. దానికి మందు: సాధనల లైనును మీదికి కొట్టే దెబ్బతోనే మొదలుపెట్టుండ్రి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 100 మీద రెండు నిమిషాలు, చెయ్యి బిగుసుకోకుంటే 4 పెంచుండ్రి. బిగుసుకుంటే 8 తగ్గించుండ్రి. అసలు టెంపోల నాలుగు బార్లు వాయించి నాలుగు బార్లు ఆగుడు వేరే సాధన, రెండూ కలపొద్దు. నొప్పి మణికట్టులకెల్లి వేళ్లలకు గుంజితే ఆ రోజుకు బేస్ పక్కన పెట్టుడే.

వడ్డేపల్లి కట్ట:
వేళ్లా పిక్కా అని కొట్లాడుడు దండగ. జెనిఫర్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటున్నది. పంక్‌లకు రాకముందు వాళ్లది మైండ్ పవర్ అనే జాజ్ ఫ్యూజన్ బ్యాండు. ఆ క్యాసెట్‌లనే ఉరుకుడు పాటల నడుమ రెగే (జమైకా మెల్లని సంగీతం) పాటలు కూడా ఉంటయి. మనోళ్లు వాటిని దాటేసి వేగం పాటలే నేర్చుకుంటరు, తప్పు అక్కడ జరుగుతది. రెగే బేస్‌ల ఖాళీ జాగనే సగం పాట. టోన్ నాబ్ మూసి, అరచెయ్యి బ్రిడ్జి (తీగలు కట్టే చోటు) మీద ఆనించి, బొటనవేలితోని మెల్లగ ఒక నెల వాయించుండ్రి. నోటు ఎక్కడ తెంపాలెనో చెయ్యికి తెలుస్తది. మళ్లీ హార్డ్‌కోర్ పాటకు పోతే తేడా మీకే వినిపిస్తది.

నాలుగు తీగలు:
మరి రికార్డుల బేస్ ఎట్ల పట్టుకోవాలె? ఫోన్‌ల వింటే గిటారే వినిపిస్తది.

కాజీపేట ప్యాసింజర్:
ఫోన్ స్పీకర్‌ల రాదు. ఏ ఫ్రెట్ నొక్కకుండ 'E' తీగ 41 హెర్ట్జ్, 'A' తీగ 55. అంత కింది స్వరం ఆ చిన్న స్పీకర్ పలకలేదు. ఆడాసిటీ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ల పాట వేసి శ్రుతి 12 సెమీటోన్లు పెంచుండ్రి, బేస్ గిటార్ ఎత్తుల వినిపిస్తది. వేగం తగ్గించాలంటే 0.75 సరిపోతది, 0.5కు పోతే చప్పుడు సాగిపోయి దెబ్బ ఎక్కడ పడ్డదో తెల్వది.

ఇంకోటి: బ్యాడ్ బ్రెయిన్స్ ఆల్బమ్ 'రాక్ ఫర్ లైట్' 1983ల వచ్చింది. 1991ల మళ్ల మిక్స్ చేసి వదిలినప్పుడు టేపు వేగం పెంచిండ్రు, శ్రుతి దగ్గరదగ్గర అర స్వరం పైకి పోయింది. ఆ ప్రతితోని నేర్చుకుంటూ ట్యూనర్‌ను తిట్టొద్దు.

పాకాల చెరువు:
చెవి అలవాటుకు మైక్ వాట్, కిరా రోస్లర్ అనే ఇద్దరు బేసిస్టుల బ్యాండు 'డోస్' (dos) వినుండ్రి. రెండే బేస్‌లు, డ్రమ్ములు లేవు, దాక్కునే జాగ లేదు. కిరా 1983 నుంచి 85 దాకా పంక్ బ్యాండు బ్లాక్ ఫ్లాగ్‌ల బేస్ వాయించింది.

చౌరస్తా సౌండ్:
చెయ్యి అయిపోయింది కదా, ఇప్పుడు సామాను. గట్టిగ కొట్టేటోళ్లు తీగలు మరీ కిందికి దించొద్దు. 12వ ఫ్రెట్ దగ్గర 'E' తీగ 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల ఎత్తు. మొదటి ఫ్రెట్, ఆఖరి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టి 7–8 ఫ్రెట్ దగ్గర చూస్తే విజిటింగ్ కార్డు మందం సందు కనపడాలె. తక్కువుంటే బర్రుమంటది. ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) ఒక్కసారికి పావు చుట్టు మాత్రమే తిప్పాలె, తెల్లారి మళ్ల చూడుండ్రి. మన ఓరుగల్లు ఎండకు మే నెలల ఒకసారి, వానలు పట్టినంక ఒకసారి చూసుకోవాలె, మెడ మారుతది. కూలర్ ఎదురుంగ స్టాండు మీద పెడితే తీగలు తుప్పు పడతయి. చాలామంది చేసేది గదే.

నాలుగు తీగలు:
ప్రోగ్రాంల డీజే బాక్సులకు నేరుగ పెట్టొచ్చునా?

చౌరస్తా సౌండ్:
మిక్సర్ లైన్ రంధ్రంల నేరుగ గుచ్చితే చప్పుడు దుప్పటి కప్పినట్టు వస్తది. పాసివ్ (బ్యాటరీ లేని) బేస్‌కు 1 మెగా ఓమ్ దరిదాపుల ఇన్‌పుట్ కావాలె, అందుకే నడుమ యాక్టివ్ డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపోయేటట్టు మార్చే డబ్బా) పెట్టాలె. డీజే ఆపరేటర్ అలవాటుగ 60 హెర్ట్జ్ పెంచుతడు. అది తగ్గించి 700–1000 నడుమ కొంచెం ఎత్తమని అడుగుండ్రి, పిక్ దెబ్బ అక్కడ ఉంటది. డిస్టార్షన్ పెడల్ పెడితే శుభ్రమైన చప్పుడు కూడా కలిపే బ్లెండ్ నాబ్ ఉన్నదే తీసుకోవాలె, లేకుంటే అడుగు స్వరం పోతది.

పంక్షన్ హాళ్లల రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డులతోని జాగ్రత్త. తీగలు ముట్టుకుంటే హమ్ (గుంయ్‌మనే చప్పుడు) తగ్గుడు మామూలే. చెయ్యి జివ్వుమంటే, లేకుంటే మైకుకు పెదవి తాకినప్పుడు షాక్ కొడితే వెంటనే స్విచ్చు బంద్ చేయించి ఎర్తింగ్ చూపియ్యాలె. హమ్ పోతదని యాంప్ మూడో పిన్ను ఇరగ్గొట్టేటోళ్లు ఉన్నరు. ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు, డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు అందుకే ఇచ్చిండ్రు.

వడ్డేపల్లి కట్ట:
యాక్టివ్ (బ్యాటరీతోని నడిచే) బేస్ అయితే వాయించుడు కాంగనే కేబుల్ గుంజి పెట్టుండ్రి. జాక్ గుచ్చి ఉన్నంత సేపు 9 వోల్టుల బ్యాటరీ ఖర్చయితనే ఉంటది.