డ్యూక్ 2018-19: తప్పు ఫస్టియర్ కుర్రాళ్లదా, జట్టు కూర్పుదా?

ట్రయాంగిల్_తెలుగు
అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో, డ్యూక్ యూనివర్సిటీ జట్టు గురించి ఇక్కడ ఎన్నిసార్లు తేల్చుకున్నా తేలని గొడవ ఇది, ఒకే చోట పెడదాం. కాలేజీకి వచ్చే కుర్రాళ్ల ఈఎస్‌పీఎన్ 2018 జాబితాలో మొదటి మూడు ర్యాంకుల కుర్రాళ్లు ఆర్‌జే బ్యారెట్, జియాన్ విలియమ్సన్, క్యామ్ రెడిష్. ముగ్గురూ డ్యూక్‌లోనే చేరారు. పాయింట్ గార్డ్ (బంతి నడిపించేవాడు) ట్రే జోన్స్ కూడా ఫస్టియరే. మొదటి మ్యాచ్‌లో కెంటకీని 118-84తో ఉతికేశారు. బ్యారెట్ 33, జియాన్ 28, రెడిష్ 22. ఆ రాత్రే కప్పు ఇచ్చేయమన్నవాళ్లున్నారు. చివరికి 32-6 రికార్డు, వాళ్ల లీగ్ ఏసీసీ టోర్నీ టైటిల్, మార్చి 31న జాతీయ టోర్నీలో మిషిగన్ స్టేట్ చేతిలో 68-67తో ఇంటికి. ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్లు) కూడా దక్కలేదు. కారణం వయసా, కూర్పా?

పోస్ట్_అప్
వయసే. ఆ ఏడాది కప్పు కొట్టిన వర్జీనియాని చూడండి. కైల్ గై, టై జెరోమ్ ఇద్దరూ థర్డియర్. మిషిగన్ స్టేట్‌లో కాసియస్ విన్‌స్టన్ థర్డియర్, 34 సెకన్లు ఉండగా త్రీ (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) కొట్టి డ్యూక్‌ని వెనక్కి నెట్టిన కెన్నీ గోయిన్స్‌కి కాలేజీలో అది అయిదో ఏడు. ఒత్తిడిలో ఏ పాస్ ఎప్పుడు వదలాలో వీళ్లకి ఒంటబట్టింది. 2014లో కెంటకీ అయిదుగురు ఫస్టియర్లతో ఫైనల్ దాకా వెళ్లి అనుభవమున్న కనెక్టికట్ చేతిలో 60-54తో ఓడింది కదా.

మూడో_గీత
వయసు వాదన 2015 దగ్గరే కూలిపోతుంది అన్నా. అదే డ్యూక్, అదే కోచ్ షషెఫ్‌స్కీ. ఫైనల్లో విస్కాన్సిన్‌పై 68-63తో గెలిచినప్పుడు ఆ 68లో 60 పాయింట్లు నలుగురు ఫస్టియర్లవే: టైయస్ జోన్స్ 23, గ్రేసన్ అలెన్ 16, విన్‌స్లో 11, ఓకఫోర్ 10. మరి తేడా ఎక్కడ? అక్కడ బయటి నుంచి వేసేవాళ్లున్నారు, ఫైనలియర్ క్విన్ కుక్‌తో సహా.

2019 జట్టు త్రీ శాతం 30.8. వంద త్రీలు వేస్తే 92 పాయింట్లు. జియాన్ రెండు పాయింట్ల షాట్లు దాదాపు 75 శాతం, అంటే వందకి 150. ఎదుటి కోచ్‌కి ఇంతకంటే తేలిక లెక్క ఉండదు: పెయింట్ (రింగు ముందు జాగా) మూసెయ్, బయట వదిలెయ్. అప్పటికి త్రీ లైన్ 20 అడుగుల 9 అంగుళాల దగ్గరే ఉంది, తర్వాతి సీజన్‌లో 22 అడుగుల 1¾ అంగుళాలకి జరిపారు. దగ్గరి లైన్ నుంచే ఈ శాతం!

పోస్ట్_అప్
మరి ఫిబ్రవరి 9న వర్జీనియా సొంత కోర్టులో డ్యూక్ వాళ్లు 21 త్రీలు వేసి 13 దింపారే, 81-71తో గెలిచారే? షూటింగ్ రాని జట్టు ఆ డిఫెన్స్ మీద అలా వేస్తుందా?

మూడో_గీత
ఒక్క రోజు వేస్తుంది. జనవరి 14న తమ సొంత కోర్టులోనే సిరక్యూజ్ 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు ఎవరి జాగా వాళ్లు కాసే డిఫెన్స్) మీద 43 త్రీలు వేసి 9 దింపారు, ఓవర్‌టైమ్‌లో 95-91తో ఓడారు. ఒక మంచి రోజు చూపించి సీజన్‌ని కొలవలేం.

బెంచ్_చివర
ఆ సిరక్యూజ్ మ్యాచ్‌కి రెడిష్ ఒంట్లో బాగోక దిగలేదు, ట్రే జోన్స్ మొదట్లోనే భుజం దెబ్బతో వెళ్లిపోయాడు. సగం జట్టు లేని రోజుని ఉదాహరణగా తేకండి సార్.

మూడో_గీత
సరే, అందరూ ఉన్న మ్యాచే చూద్దాం. జాతీయ టోర్నీ రెండో రౌండ్, సెంట్రల్ ఫ్లోరిడా. 7 అడుగుల 6 అంగుళాల టాకో ఫాల్‌ని ట్రే జోన్స్ మీద పెట్టారు. కోర్టులో అందరికంటే పొడుగువాడు పాయింట్ గార్డ్‌ని "కాపలా కాయడం" ఏంటని నవ్వుకున్నారు కానీ, అతను జోన్స్ దగ్గరకి వెళితేగా! రింగు ముందే నిలబడ్డాడు. జోన్స్ సీజన్ త్రీ శాతం 26, వేస్తే వేసుకోనీ అన్నారు. జియాన్ ఒకణ్ణి దాటగానే ఎదురుగా టాకో. 77-76తో బయటపడ్డారు. అది కూడా జియాన్ ఫ్రీ త్రో తప్పితే బ్యారెట్ ఆ రీబౌండ్ పట్టి వేయడం వల్ల, ఆఖర్న సెంట్రల్ ఫ్లోరిడా వాళ్లు తట్టిన బంతి రింగు మీద దొర్లి బయట పడడం వల్ల.

పిక్_అండ్_రోల్_మూర్తి
దీనికి మందు లేకపోలేదు. షూటింగ్ రాని గార్డ్‌ని వదిలేసి అతని డిఫెండర్ పెయింట్‌లో కూర్చుంటే, ఆ గార్డ్‌ని బంతి దగ్గర ఉంచకూడదు, స్క్రీన్ పెట్టడానికి (ఎదుటి డిఫెండర్‌కి అడ్డంగా నిలబడడానికి) పంపాలి. అంటే బంతి జియాన్ చేతిలో, స్క్రీనర్ ట్రే జోన్స్. జోన్స్ డిఫెండర్ ఎక్కడో రింగు కింద ఉంటాడు కాబట్టి స్క్రీన్ దాటి వచ్చే జియాన్‌ని ఆపడానికి పైన ఎవరూ ఉండరు. ఫ్రీ త్రో గీత దగ్గరికి వచ్చేసరికి పూర్తి వేగంలో ఉంటాడు, అప్పుడు నిలబడి ఉన్న పెద్దాయనకి ఫౌలే గతి. రెండో దారి, జోన్స్‌ని బేస్‌లైన్ (రింగు వెనక గీత) మీద, రింగుకి పక్కన ఉంచడం. అతని డిఫెండర్ హెల్ప్‌కి కదిలితే చిన్న పాస్, లేఅప్.

చిక్కెక్కడంటే, ఆ బేస్‌లైన్ జాగాలో అప్పటికే బోల్డెనో, డెలోరియరో ఉండేవాళ్లు. వాళ్లూ బయటి నుంచి వేయరు. షూటింగ్ రానివాళ్లు ఇద్దరు ఒకేసారి కోర్టులో ఉంటే పెయింట్‌లో డిఫెండర్లూ ఇద్దరుంటారు, పైన చెప్పింది ఏదీ పనిచేయదు. జియాన్‌ని సెంటర్‌గా ఆడించి, పక్కన జాక్ వైట్‌నో అలెక్స్ ఓకానెల్‌నో పెట్టి ఉంటే జాగా దొరికేది. వైట్ షాట్ సీజన్ మధ్యలో పూర్తిగా పడిపోయింది, అది కోచ్ చేతిలో లేని విషయం. ఓకానెల్‌ని పెడితే డిఫెన్స్‌లో చిల్లు. కాబట్టి కోచ్ మొండిగా ఉన్నాడనడం సగమే నిజం. సరుకు వేసవిలోనే తెచ్చుకోవాలి, మార్చిలో దొరకదు.

బెంచ్_చివర
అంత వైద్యం అక్కర్లేదు. ఫిబ్రవరి 20న నార్త్ కరోలైనాతో ఆట మొదలైన నిమిషంలోపే జియాన్ బూటు చీలిపోయి మోకాలు బెణికింది. ఆ మ్యాచ్ 88-72తో పోయింది, తర్వాత అయిదు మ్యాచ్‌లు కూర్చున్నాడు, మూడు గెలిచి రెండు ఓడారు. అయిదుగురూ కలిసి ఆడాల్సిన నెల అలా పోయింది. అతను తిరిగొచ్చిన రోజు సిరక్యూజ్ మీద 13 షాట్లకి 13! పైగా ఒక్క పాయింట్‌తో ఓడిన మ్యాచ్‌కి ఇన్ని కారణాలా? నాకౌట్‌లో ఒక బంతి అటు పడుతుంది, ఒకటి ఇటు.

పోస్ట్_అప్
అదృష్టం అన్నారు కాబట్టి: వాళ్లు గెలిచినవీ అంతేగా. సెంట్రల్ ఫ్లోరిడా మీద ఒక్క పాయింట్, వర్జీనియా టెక్ మీద 75-73. టెక్ మ్యాచ్‌లో ట్రే జోన్స్ 5 త్రీలు కొట్టకపోతే అక్కడే అయిపోయేది. మూడో_గీత గారి 26 శాతం మనిషే!

మూడో_గీత
😀 ఒప్పుకుంటా. అయినా మిషిగన్ స్టేట్ అతణ్ణి వదిలేసే ఆడింది.

పిక్_అండ్_రోల్_మూర్తి
ఇంకా ఎవరూ ఎత్తనిది ఒకటుంది: బంతి ఎవరి చేతిలో? బ్యారెట్, జియాన్ ఇద్దరి సగటూ 22.6 పాయింట్లు. కానీ దానికి బ్యారెట్ మ్యాచ్‌కి 18కి పైగా షాట్లు వేశాడు, జియాన్ 13. నవంబర్‌లో గొంజాగాతో 89-87తో ఓడినప్పుడూ చివర్లో బ్యారెట్ వరసగా లోపలికి దూసుకెళ్లి ఆగిపోయాడు. నాలుగు నెలల తర్వాత మిషిగన్ స్టేట్‌తో 68-66తో వెనకబడి ఉన్నప్పుడు కూడా త్రీ వేసి తప్పింది బ్యారెట్, ఆ తర్వాత ఫౌల్ తెచ్చుకున్నదీ బ్యారెట్. జియాన్ ఫ్రీ త్రో 64 శాతమే అంటారేమో, రెండు వేస్తే సగటున 1.28 పాయింట్లు. జట్టు సగటు త్రీ కంటే అది ఎక్కువే. వయసుకీ కూర్పుకీ దీంతో సంబంధం లేదు, ఆఖరి నిమిషంలో ఎవరి చేత ఆడించాలో ముందే తేల్చుకోకపోవడం ఇది.

పోస్ట్_అప్
అలా తేల్చి చెప్పేది ఫైనలియర్ గార్డే కదండీ. 2015లో కుక్ ఉన్నాడు, ఇక్కడ ఎవరున్నారు? 5.2 సెకన్లు ఉండగా బ్యారెట్ మొదటి ఫ్రీ త్రో తప్పింది, రీబౌండ్ కోసం రెండోది కావాలని తప్పించబోతే లోపల పడింది. 68-67. విన్‌స్టన్ బంతి అందుకుని టైమ్ కరగబెట్టేశాడు.

బెంచ్_చివర
కావాలని తప్పించడం చెప్పినంత సులువు కాదు. బంతి రింగుకి తగిలి తీరాలి, లేకపోతే వయొలేషన్ (నియమం తప్పడం), బంతి వాళ్లకే. లేన్‌లో (రింగు ముందు రెండు పక్కలా నిలబడే వరసల్లో) నలుగురు వాళ్లవాళ్లు, మనవాళ్లు ఇద్దరే, రింగు పక్కన దగ్గరి చోట్లు రెండూ వాళ్లవే. బలంగా, వంపు లేకుండా ముందు అంచుకి కొడితేనే బంతి వేసినవాడి వైపు తిరిగి వస్తుంది. బోర్డుకి కొడితే ఎటు పోతుందో చెప్పలేం.

పోస్ట్_అప్
అదే అంటున్నా. ఇది మూడేళ్లు ప్రాక్టీస్‌లో చేసినవాడు చేసే పని.

పిక్_అండ్_రోల్_మూర్తి
మూడేళ్లు ఎందుకండీ, ఒక వారం చాలు. మొదటిది పడి ఉంటే అసలు ఆ అవసరమే రాదు. బ్యారెట్ ఫ్రీ త్రో సీజన్ మొత్తం 66.5 శాతం.