కాల్డీ ఐలాండ్‌కి అమ్మానాన్నతో - ఆదివారం వెళ్ళొచ్చా?

అందరికీ నమస్తే, వేల్స్‌లోని కార్డిఫ్‌కి కొత్తగా వచ్చానండి. జూలైలో అమ్మానాన్న వస్తున్నారు, ఓ ఆదివారం వేల్స్‌లోనే సముద్రం ఒడ్డునున్న టెన్బీ ఊరికి వెళ్ళి అక్కడ్నించి ఆ మాంక్స్ (క్రైస్తవ సన్యాసులు) ఉండే కాల్డీ దీవి చూపిద్దామని ప్లాన్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఎవరైనా వెళ్ళారా?

>> ఆదివారం వద్దు తమ్ముడూ, ఆ రోజు బోట్లే ఉండవు. దీవి మొత్తం ఆ మాంక్స్ మఠానిదే. మామూలు రోజుల్లో వెళ్ళు, ఈస్టర్ నించి అక్టోబర్ దాకా సీజన్. టెన్బీ దాకా రైలుంది, బోట్లో ఇరవై నిమిషాలు. అసలు చూసుకోవాల్సింది సముద్రం ఆటుపోట్లు. నీళ్ళు బాగా ఉంటే హార్బర్‌లో ఎక్కిస్తారు, తగ్గితే కాసిల్ బీచ్‌లో, అంటే మెట్లు దిగి ఇసకలో నడవాలి, కాబట్టి అమ్మగారి కోసం పోటు టైమ్ చూసుకుని బయల్దేరు. గాలెక్కువైతే బోట్లు ఆపేస్తారు, అందుకే కార్డిఫ్‌లో రైలెక్కే ముందే కనుక్కో. దిగాక ఊళ్ళోకి కాస్త ఎత్తు నడక, కార్లూ బస్సులూ ఏం లేవు.

>> అన్నయ్య ఒకటి చెప్పలేదు, మఠం లోపలికి ఆడవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు, మగవాళ్ళకే టూర్ ఉండేది, ఇప్పుడెలాగో కనుక్కో. ఆ మాట ముందే ఇంట్లో చెప్పెయ్, మా అత్తగారు గేటు దగ్గర తెలిసి, మావయ్యగారు బయటికొచ్చేదాకా ఒక్క ముక్క మాట్లాడలా. నన్నడిగితే ఆవిడ పోగొట్టుకుందేం లేదు. ఆ తెల్లగోడల మఠం 1910 ప్రాంతంలో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చికి చెందిన) బెనెడిక్టైన్ సన్యాసులు కట్టించింది, ఇప్పుడున్న సిస్టర్షియన్ అనే వేరే శాఖ మాంక్స్ 1929లో బెల్జియం నించి వచ్చారు. అసలు పాతది కొంచెం పైన ఉంది, ఓల్డ్ ప్రయరీ (ప్రయరీ అంటే చిన్న మఠం), 1536లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ టైమ్‌లో మూతపడింది, అందరూ వెళ్ళొచ్చు. అక్కడి సెయింట్ ఇల్టిడ్ చర్చి శిఖరం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, లోపల నేలంతా గులకరాళ్ళు, ఓ రాయి మీద పాత ఐరిష్ లిపి ఓఘమ్ గీతలూ లాటినూ రెండూ చెక్కి ఉంటాయి, దాని దగ్గర కాసేపు ఆగండి. మాంక్స్ చేసే చాక్లెట్, లావెండర్ సెంటు షాపులో దొరుకుతాయి. టీ, కేకులకి ఢోకా లేదు గానీ అన్నం అలవాటున్న పెద్దవాళ్ళకి పులిహోర కట్టుకెళ్ళండి, ప్రయరీ బే ఇసకలో కూర్చుని తినొచ్చు.

>> థాంక్స్ అక్కా, అన్నా. సోమవారం లీవ్ పెడతా. ఎండాకాలమేగా, స్వెటర్లు అక్కర్లేదేమో?

>> జూలై అయినా బోట్లో చలిగాలి కొడుతుంది, అమ్మకి శాలువా, అందరికీ వానకోట్లు. ఆఖరి బోట్ ఎప్పుడో దిగగానే అడుగు, అక్కడ రాత్రి ఉండటానికి హోటళ్ళు లేవు.