కొబ్బరి గానుగ ప్రాజెక్టు రిపోర్టులో ముడిసరుకు ధర ఎలా చూపాలి?

అంబాజీపేట దగ్గర చెక్క గానుగతో కొబ్బరినూనె తీసే చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్నాం. అంచనా 8 లక్షలు: షెడ్డుకు, యంత్రాలకు 5, నిర్వహణ పెట్టుబడికి 3. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో, బ్యాంకు రుణంతో కొనే యంత్రాలకు 35 శాతం రాయితీ ఉంది కాబట్టి దాని కిందే దరఖాస్తు చేస్తున్నాం.

కరెంటు, కూలి, సీసాలు, లేబుళ్ల లెక్కలతో పేచీ లేదు. చిక్కంతా కొబ్బరితోనే. ఏడాది సగటు ధర వేసి ఇస్తే, ఆధారం చూపమని బ్యాంకు రిపోర్టు వెనక్కి పంపింది. పండుగల నాటి ధర వేస్తే మూడో నెలకే నష్టం కనిపిస్తోంది. నూనెకు వాడే ఎండుకొబ్బరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర, అంటే 2025కు క్వింటాలు 11,582 రూపాయలు, వేసి చూశాను. లాభం కళ్లు చెదిరేలా వచ్చింది గానీ, ఆ ధరకు ఇక్కడ సరుకు ఇచ్చేవారెవరు? నెట్‌లో దొరికిన నమూనా రైసు మిల్లుది. వెయ్యి కాయల ధర వారం వారం మారే మార్కెట్‌కు అది అతకదు.

రిపోర్టు రాయించడానికి 15 వేలు అడుగుతున్నారు. అందులోనూ ఇదే సగటు వేస్తారని నా అనుమానం.

గానుగకో, ఎండుకొబ్బరి యూనిట్‌కో రుణం మంజూరైనవారు చెప్పండి: మీ రిపోర్టులో ముడిసరుకు ధరను ఏ లెక్కన వేసి, దానికి ఏ కాగితం ఆధారంగా చూపారు?