నర్సరీ తీసేసి లేఅవుట్ వేస్తున్నారు, బోదె పూడ్చేశారు. ఇప్పుడు ఎవర్ని అడగాలండి?

పెరటిగోడ:
నమస్కారమండి. మాది కడియం మండలంలో ఒక ఊరు. మా పెరటి గోడకి అవతల రెండెకరాల నర్సరీ ఉండేది. మా నాన్నగారు అందులో పాతికేళ్లు అంట్లు కట్టారు. ఓనరు గారు పోయాక పిల్లలు అమ్మేసుకున్నారు. మొక్కలు లారీలకెత్తారు, షేడ్‌నెట్ పీకేశారు, పోయిన నెల నుంచి గ్రావెల్ తోలుతున్నారు. గేటు దగ్గర "అప్రూవ్డ్ లేఅవుట్" అని బోర్డు పెట్టారు, నంబరు మాత్రం వేయలేదు.

ఇళ్లు కట్టొద్దని నేననడం లేదండి. మా తమ్ముడే మూడేళ్లుగా స్థలం కోసం తిరుగుతున్నాడు, ఇందులోనే తీసుకుందామంటున్నాడు. నా బాధంతా బోదె గురించి. మా వీధిలో పడ్డ వాన నీరంతా ఆ నర్సరీ దక్షిణపు గట్టు వెంట ఉన్న పంట బోదెలోకే దిగేది. దాన్ని సగం దాకా పూడ్చేశారు. నర్సరీ ఉన్నప్పుడు ఆ నేల మా పెరడు కంటే జానెడు పల్లం. ఇప్పుడు రెండడుగులు మెరక. మొన్న గంట సేపు వానకే నీళ్లు నాన్నగారి మంచం కిందకి వచ్చేశాయి.

ఆఫీసులో అడిగితే "భూమి మార్పిడి అయిపోయింది, అప్రూవల్ వచ్చేసింది, ఇంక అభ్యంతరం చెప్పేదేం లేదు" అన్నారు. నిజమేనా? అక్కడ నాన్నగారు నాటిన రెండు పొగడ చెట్లు కూడా ఉన్నాయి. వాటి గురించి అడగొచ్చా?

గోదారి గట్టు:
అక్కా, ముందు తమ్ముడిని అడ్వాన్సు ఇవ్వొద్దనండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి రెరా (స్థలాలు, ఇళ్ల అమ్మకాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. రెండెకరాలంటే ఎనిమిది వేల మీటర్ల పైమాటే. బోర్డు మీద నంబరు లేకపోతే అక్కడే ఆగాలి. రెరా వెబ్‌సైట్లో వెతికి ఏం కనపడిందో ఇక్కడ చెప్పండి.

పాత డ్రాఫ్ట్స్‌మన్:
అమ్మా, నేను టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఆఫీసులో మీకు చెప్పింది సగమే నిజం. పొరుగువాళ్ల అభ్యంతరాలు పిలిచేది మాస్టర్ ప్లాన్‌లో జోన్ మార్చేటప్పుడు. అప్పుడు ముసాయిదా నోటిఫికేషన్ ఇస్తారు, ఊళ్లో ఎవరూ చదవరు. ఆ గడువు దాటిపోయి ఉండొచ్చు.

కానీ లేఅవుట్ అనుమతి ఒక్కసారిగా పూర్తయ్యేది కాదు. మొదట ప్లాన్ ఆమోదించి ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ పర్మిట్ నంబరు ఇస్తారు. ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం తనఖా పెట్టించుకుంటారు. రోడ్లు, డ్రైన్లు ప్లాన్ ప్రకారం వేశారని తనిఖీ చేశాకే ఆ తనఖా విడిచి, తుది అనుమతి ఇవ్వాలి. మీ మాటకి బలం ఉండేది ఆ తనిఖీ అయ్యేదాకానే. అందుకే ఆలస్యం చేయకండి. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆమోదించిన ప్లాన్, షరతుల కాగితం అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

ప్లాన్ వచ్చాక ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల హద్దులు, కొలతలు ఉండే రెవెన్యూ పటం) పక్కన పెట్టి చూడండి. బోదె పోరంబోకు అయితే దాన్ని పూడ్చే హక్కు ఎవరికీ లేదు. పట్టాలోనే కలిసి ఉన్నా, 20 ఏళ్లు ఆటంకం లేకుండా మీ నీరు అటే పోయిందని చూపించగలిగితే 1882 నాటి ఈజ్‌మెంట్ల (పొరుగు నేల మీదుగా దారి, నీరు పోయే హక్కుల) చట్టం మీ వైపు నిలుస్తుంది. అది సివిల్ కోర్టు దారి, ఖర్చుతో కూడింది. ముందు తనిఖీ దగ్గరే పట్టుకోండి.

చెట్లు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి తీసుకున్నారా అని రాసి అడగండి. పదో వంతు ఖాళీ స్థలం ఎటూ వదలాలి, అది చెట్లున్న వైపు చూపించమని కోరవచ్చు. పొరుగువాళ్లకి ఏం పని అని ఎవరన్నా అంటే లెక్కచేయకండి. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రికి ఇస్తే ఆ చుట్టుపక్కల వాళ్లే కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది.

పెరటిగోడ (ఐదు వారాల తర్వాత):
బాబాయ్ గారూ, ప్లాన్ చేతికొచ్చిందండి. అందులో బోదె ఉంది! నీలం గీత గీసి, రోడ్డు కింద తూము కూడా చూపించారు. ఇక్కడ చూస్తే తూమూ లేదు, బోదే లేదు. ఫొటోలు జత చేసి, వీధిలో పదకొండు ఇళ్ల వాళ్ల సంతకాలతో కాగితం ఇచ్చి, రసీదు తీసుకున్నాను. వచ్చే బుధవారం సర్వేయరు గారు కొలతకి వస్తానన్నారు. రెరాలో పేరు దొరకలేదు, తమ్ముడు ఆగాడు.

ఖాళీ స్థలం ఈశాన్యం మూల చూపించారు. పొగడ చెట్లు పడమటి ప్లాట్లలో పడ్డాయి. వాటి మీద జవాబు రాలేదు. నాన్నగారు పొద్దున్నే గోడ మీంచి చూసొస్తున్నారు, ఉన్నాయో లేవో అని.

బుధవారం ఆయన్ని కూడా అక్కడ ఉంచమంటారా? మోకాళ్ల నొప్పులు, ఎండ.

పాత డ్రాఫ్ట్స్‌మన్:
కుర్చీ వేసైనా ఉంచమ్మా. పాత గట్టు ఎక్కడిదాకా ఉండేదో చూపించగలిగేది ఆయనే.