సంచి మేతలో కలిపిన ప్రోబయోటిక్ చేప కడుపులోకి చేరుతుందా?

అందరికీ నమస్కారం. మాది కైకలూరు దగ్గర. చెరువులో శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ. మేత నూనె తీసిన తవుడు, కాస్త వేరుశనగ చెక్క. ఇక్కడ అందరిలాగే చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి నీళ్లలో కడతాం.

మేతలో ప్రోబయోటిక్, అంటే చేప కడుపుకు మేలుచేసే బ్యాక్టీరియా, కలపమని మందుల షాపాయన ఒకటే పోరు. బాసిల్లస్ సబ్టిలిస్, లాక్టోబాసిల్లస్ రెండూ ఉన్న పొడి. తేలే మేత వాడేవాళ్లు దాన్ని బైండర్‌తో (జిగురులాంటిది) గుళికలకు పట్టించి, నీడలో ఆరబెట్టి వేస్తారు, అది సరే. మా సంచి గంటల తరబడి నీళ్లలోనే ఉంటుంది కదా, పొడంతా చెరువులో కలిసిపోదా? "పోయినా నీళ్లకు మంచిదేనండీ" అంటాడు. నీళ్లకు వేసే ప్రోబయోటిక్ డబ్బా వేరే ఉంది, అదీ ఆయనే అమ్ముతాడు మరి!

కొందరు తవుడులో బెల్లం నీళ్లు, ఈ పొడి కలిపి రాత్రంతా పులియబెట్టి కడుతున్నారట. బాసిల్లస్‌కు గాలి కావాలి, లాక్టోబాసిల్లస్‌కు అక్కర్లేదు. అలాంటప్పుడు డ్రమ్ము మూత పెట్టాలా, తెరిచి ఉంచాలా? బూజు పడితే ఎలా?

ఇంకొకటి. చేపలకొచ్చే ఎర్రమచ్చల జబ్బుకు మేతలో యాంటీబయోటిక్ ఇస్తే ఈ మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. కోర్సు అయ్యాక ఎన్నాళ్లు ఆగి మళ్లీ మొదలుపెడుతున్నారు?

ఒక చెరువుకు వాడి, పక్కదానికి వాడకుండా చూసినవాళ్లు ఉంటే బరువులో, మేత ఖర్చులో తేడా ఎంత వచ్చిందో దయచేసి చెప్పండి. కంపెనీ కరపత్రాల లెక్కలు మాత్రం వద్దండీ, అవి మా ఇంట్లోనే బోలెడున్నాయి.